పిల్ల తాబేళ్ళు సముద్రంలోకి పోతుంటే నా చేతులు ఎవరికి జోడించుకున్నాయి?

భీమిలి దారి | ఆదివారం, ఉదయం 9:12

అందరికీ నమస్కారం. వాదన పెట్టుకోవాలని కాదు, పొద్దున్నుంచీ ఒకటే ఆలోచన మనసులో తిరుగుతోంది, ఎవరితోనైనా చెప్పుకుంటే తప్ప కుదురు రాదనిపించి రాస్తున్నాను.

ఇవాళ తెల్లవారుజామున మా పాపని తీసుకుని అటవీశాఖ వాళ్ళు తాబేలు గుడ్లు పొదిగించే చోటికి వెళ్ళాను. తెలియనివాళ్ళ కోసం చెప్తున్నా, ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు జనవరి నుంచి మార్చి దాకా మన విశాఖ తీరానికొచ్చి ఇసుకలో గుడ్లు పెట్టి పోతాయి, ఒక్కొక్కటీ వందకి అటూ ఇటూగా. కుక్కలు తవ్వి తినేయకుండా ఆ గుడ్లని ఏరి తెచ్చి, చుట్టూ వల కట్టిన చోట మళ్ళీ గుంటలు తీసి పాతిపెడతారు. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు పైకొస్తాయి. ఇవాళ ఒక గుంటలోవి వచ్చాయి. కాపలా పెద్దాయన వాటిని బుట్టలో తెచ్చి నీళ్ళకి కాస్త ఇవతలే ఇసుక మీద వదిలాడు. నీళ్ళలోనే వదిలెయ్యొచ్చు కదా అంటే, "నడవాలి తల్లీ, వాటంతటవే నడవాలి" అన్నాడు మా పాపతో.

అరచేతిలో సగం కూడా ఉండవు. నల్లగా, ఒళ్ళంతా ఇసుక అంటుకుని, కాళ్ళూ కావు రెక్కలూ కావు అన్నట్టున్న వాటితో ఇసుకని తోసుకుంటూ పోతున్నాయి. ఒకదాన్ని అల వెల్లకిలా పడేసింది. అది అలాగే గాల్లో కొట్టుకుంటోంది. పాప నా చొక్కా పట్టుకుని లాగుతోంది, తియ్యి నాన్నా అని. నేను వంగేలోపు ఇంకో అల వచ్చి దాన్ని తిరగేసి లోపలికి తీసుకుపోయింది. అప్పుడు నా రెండు చేతులూ నాకు తెలియకుండానే జోడించుకున్నాయి. కళ్ళలో నీళ్ళు కూడా వచ్చాయి. "ఎవరికి దండం పెట్టావు నాన్నా?" అని అడిగింది పాప. నా దగ్గర జవాబు లేదు.

ఎందుకు లేదంటే, 4 ఏళ్ళ కిందట మా నాన్న 19 రోజులు ఐసీయూలో ఉన్నారు. సింహాచలం మెట్ల దారిన ఎక్కాను, మొక్కని మొక్కు లేదు. ఆయన దక్కలేదు. అప్పటి నుంచి నేను గుడి గడప తొక్కలేదు. ఇన్నేళ్ళుగా లేడనుకున్నవాడికి నేనెందుకు దండం పెట్టాను? ఒక దృశ్యం చూసి గుండె ఇలా నిండిపోవడం, ఎవరికో కృతజ్ఞత చెప్పుకోవాలనిపించడం, అటువైపు ఎవరో ఉన్నారనడానికి గుర్తా? లేక మెదడు చేసే పనేనా? మీకేమనిపిస్తుందో నిజంగా చెప్పండి.

జీవశాస్త్రం మేష్టారు, మధురవాడ | ఆదివారం, ఉదయం 10:05

మీ పోస్టు చదువుతుంటే నాకూ గొంతు పట్టేసింది, ముందు ఆ మాట చెప్పాలి. 20 ఏళ్ళుగా ఆ పిల్లలు నీళ్ళలోకి పోవడం చూస్తున్నాను, ఒక్కసారి కూడా మామూలుగా చూడలేకపోయాను.

కానీ మీరు నిజంగా చెప్పమన్నారు కాబట్టి. చీకట్లో ఆకాశం వెలుగు సముద్రం వైపు ఎక్కువగా ఉంటుంది, పిల్ల ఆ వెలుగు వైపు పోతుంది, అలలకి ఎదురెళ్తుంది, తర్వాత భూమి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని ఈదుతుంది. ఆడవి పెద్దయ్యాక పుట్టిన ప్రాంతానికే తిరిగొచ్చి గుడ్లు పెడతాయి. లోపల ఉన్నది ఆడదో మగదో తేల్చేది ఇసుక వేడి, వేడెక్కువైతే ఆడవి ఎక్కువ. ఇక తల్లి సంగతి, గుడ్లు పెట్టి ఇసుక కప్పి వెళ్ళిపోతుంది, పిల్లల ముఖం ఎన్నడూ చూడదు. ఇందులో ప్రేమ లేదు, పథకం లేదు. దారి తప్పినవి చచ్చిపోయాయి, తప్పనివి పిల్లల్ని కన్నాయి, కోట్ల ఏళ్ళు అదే జరిగింది.

ఇంకో మాట. ప్రకృతిని చూపించి దేవుడున్నాడనేవాళ్ళు సగమే చూపిస్తారు. ఆ పిల్లల్లో పెద్దయ్యేవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని. మిగతావి పీతలకీ కాకులకీ చేపలకీ ఆహారం. గొంగళి పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే కందిరీగలున్నాయి, వాటి పిల్లలు పురుగుని బతికుండగానే లోపల్నుంచి తింటాయి. డార్విన్ 1860లో ఒక స్నేహితుడికి రాసిన ఉత్తరంలో ఈ కందిరీగల సంగతే ఎత్తి, దయగల సర్వశక్తిమంతుడు వీటిని కావాలని సృష్టించాడంటే నమ్మలేకపోతున్నానన్నాడు. అందం ఆయన ఖాతాలో రాస్తే ఇది ఎవరి ఖాతాలో రాయాలి?

మీ కన్నీళ్ళు మాత్రం నూటికి నూరుపాళ్ళు నిజం. చిన్నప్రాణిని చూస్తే కాపాడాలనిపించడం మన జాతిని బతికించిన గుణం. మన పిల్లలు ఏళ్ళ తరబడి ఒళ్ళో పెరగాలి, తాబేలు పిల్లలు కావు.

సీతమ్మధార లక్ష్మి | ఆదివారం, ఉదయం 11:30

తమ్ముడూ, నేను మీకంటే పెద్దదాన్నే అయ్యుంటాను, అలా పిలుస్తున్నా ఏమనుకోకు.

మేష్టారు చెప్పినవన్నీ నిజమే, కాదనను. మా అబ్బాయి కూడా ఇవే చెప్తాడు. కానీ నాకొకటి అనిపిస్తుంది. సింహాద్రి అప్పన్న ఏడాది పొడుగునా గంధం పూతలోనే ఉంటాడు కదా, ఆ రూపం చూస్తే మనిషా, సింహమా, వరాహమా ఏమీ తెలియదు, లింగంలా ఉంటాడు. అక్షయ తృతీయ ఒక్కరోజు గంధం ఒలిచి నిజరూపం చూపిస్తారు, ఆ రాత్రే మళ్ళీ పూసేస్తారు. ఆ ఒక్కరోజు కోసం జనం ముందు రోజు నుంచే లైన్లో కూర్చుంటారు. నాకు ఈ లోకం అంతా ఆ గంధంలాగే కనిపిస్తుంది. మేష్టారు గంధం గురించి చాలా బాగా చెప్పారు, దేంతో చేశారో, ఎన్ని పూతలు పూశారో. నీకు ఇవాళ పొద్దున్న రవ్వంత గంధం రాలింది, అంతే. నువ్వు తలుపేసుకున్నా ఆయన వేసుకోలేదు.

నాన్నగారి విషయంలో మాత్రం నా దగ్గర మాట లేదు. మా ఆయన పోయినప్పుడు నేనూ 6 నెలలు దీపం పెట్టలేదు.

ప్రశ్న | ఆదివారం, మధ్యాహ్నం 12:48

లక్ష్మి గారూ, మీ మీద గౌరవంతోనే అంటున్నా, ఈ పోలికతో దేన్నైనా నిరూపించొచ్చు. అందం కనిపిస్తే గంధం తొలగింది, కష్టం వస్తే గంధం పూశారు. ఎలా జరిగినా ఆయన ఉన్నట్టే. ఏం జరిగితే లేడని ఒప్పుకుంటారో చెప్పగలరా?

అసలు ప్రశ్నకొస్తాను. హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు నాకు 17 ఏళ్ళు. 2014 అక్టోబర్ 12. గంటకి 180 కిలోమీటర్లు దాటిన గాలి. మర్నాడు లేచి చూస్తే మా వీధిలో నిలబడ్డ చెట్టు లేదు, కరెంటు లేదు, పాలు లేవు, ఫోన్లు లేవు. కైలాసగిరి పచ్చగా ఉండేది, ఎవరో కాల్చేసినట్టు గోధుమరంగులోకి తిరిగిపోయింది. ఆ రోజుల్లో మా వీధి చివర ఒకాయన తన జనరేటర్ బయటికి లాగి, డీజిల్ తనే పోసుకుంటూ, వీధి మొత్తానికి ఫోన్లు చార్జింగ్ పెట్టించాడు. మా అమ్మ ఉన్న బియ్యంలో సగం వండి పక్కింటి పిల్లలకి పెట్టింది. ఎక్కడెక్కడి నుంచో లైన్‌మెన్లు వచ్చి స్తంభాలెక్కారు. తర్వాత అందరూ ఏమన్నారు? దేవుడి దయ వల్ల గట్టెక్కాం అన్నారు. ఆ లైన్‌మన్ పేరు ఎవరికీ గుర్తులేదు. నాకు అక్కడ మంట.

నిరీశ్వరవాది అంటే గుండె రాయి అనుకుంటారు. ముదునూరులో నాస్తిక కేంద్రం పెట్టి, తర్వాత దాన్ని విజయవాడకి మార్చిన గోరా గారు అంటరానితనం మీద జీవితమంతా పోరాడారు, గాంధీగారితో కూర్చుని దేవుడు లేడని మాట్లాడి ఆయన ఆదరం పొందారు. దయకి దేవుడి పూచీకత్తు అక్కర్లేదు. అన్నా, మీ కృతజ్ఞత వృథా పోలేదు, అందుకోవాల్సిన మనిషి మీ ఎదురుగానే ఉన్నాడు, బుట్ట పట్టుకుని.

పెదజాలరిపేట కుర్రోడు | ఆదివారం, మధ్యాహ్నం 2:20

పొద్దున్నుంచి చదువుతున్నాను. మీకందరికీ సముద్రం అంటే సూర్యోదయం, పిల్ల తాబేళ్ళు. మాకు అది బువ్వ పెట్టేదీ అదే, మింగేదీ అదే.

హుద్‌హుద్ రోజు మధ్యాహ్నం గాలి ఒక్కసారిగా ఆగిపోయింది, గుర్తుందా ఎవరికైనా? తుఫాను కన్ను మన మీదకొచ్చింది. కుర్రాళ్ళంతా అయిపోయిందనుకుని పడవలు చూసుకోడానికి ఒడ్డుకి పరిగెత్తబోతే మా తాత కర్ర అడ్డం పెట్టి ఒక్కడిని కదలనివ్వలేదు. "ఇప్పుడు అటు నుంచి కొడతాది" అన్నాడు. అలాగే ఎదురు దిక్కు నుంచి కొట్టింది. తాతకి ఎవరు చెప్పారు? దేవుడు చెప్పలేదు, పాత తుఫానులు చెప్పాయి. అక్కడ వరకు నేను ప్రశ్న గారి వైపే.

కానీ ఇంకోటి చెప్తాను. నేను నాన్నతో వేటకెళ్ళే రోజుల్లో ఒక రాత్రి ఇంజిన్ ఆగిపోయింది. ఒడ్డు దీపాలు లేవు, చందమామ లేడు, మబ్బు. నాన్న టార్చ్ నోట్లో పెట్టుకుని ఇంజిన్ విప్పుతున్నాడు. నాజిల్ తీసి ఊదుతాడు, బిగిస్తాడు, తాడు లాగుతాడు, రాదు. మళ్ళీ విప్పుతాడు. చేతులకి రక్తం. ఆ పని చేస్తూనే, ఒక్క క్షణం ఆపకుండానే, "గంగమ్మ తల్లీ, పిల్లోడున్నాడే తల్లీ" అని గొణుగుతున్నాడు. నాకు ఇప్పటికీ ఆ గొంతు వినిపిస్తుంది. తెల్లారేసరికి స్టార్ట్ అయింది. నాజిల్లో చెత్త ఇరుక్కుంది, అది తీశాక అయింది, నాకు తెలుసు. కానీ ఆ రాత్రి పిలవడానికి పేరు లేకపోతే నాన్న చేతులు అంతసేపు ఆడేవా అని నాకు అనుమానం.

మా చిన్నాన్న తిరిగి రాలేదు. పిన్ని ఇప్పటికీ గంగమ్మ పండక్కి పసుపూ కుంకుమా తీసుకెళ్తుంది. ఎలా తీసుకెళ్తావే అని అడిగితే, మరి ఎవరికి తీసుకెళ్ళాలి అంది.

దర్గాకొండ సలీం | ఆదివారం, సాయంత్రం 4:02

హార్బర్ దగ్గర మూడు కొండలు పక్కపక్కనే ఉన్నాయి, ఒకదాని మీద వేంకటేశ్వరస్వామి గుడి, ఒకదాని మీద దర్గా, ఒకదాని మీద చర్చి. ఓడల్లోకి పోయేవాళ్ళు మూడింటికీ దండం పెట్టుకుని వెళ్ళడం నా చిన్నప్పటి నుంచీ చూస్తున్నాను.

మీరున్న చోట నేనుంటే చేతులు జోడించేవాణ్ణి కాదు, "సుభానల్లా" అనేవాణ్ణి. చర్చికి పోయే మా స్నేహితుడైతే "స్తోత్రం ప్రభువా" అంటాడు. అంటే చేతులు జోడించడం మీ ఇల్లు నేర్పింది, సుభానల్లా మా అమ్మ నేర్పింది. కానీ అంతకు ముందు లోపల పొంగిందే, అది ఎవరు నేర్పారు? ఖురాన్‌లో వాక్యాన్ని ఆయత్ అంటారు. ఆ మాటకే గుర్తు అని కూడా అర్థం. రాత్రీ పగలూ మారడం, ఓడలు సముద్రం మీద నడవడం, వాన, గాలి, ఇవన్నీ ఆలోచించేవాళ్ళకి ఆయత్‌లే అంటుంది. నిరూపణ అనదు, గుర్తు అంటుంది. గుర్తు చూసి నడిచేవాడు నడుస్తాడు, నడవనివాడు అక్కడే నిలబడి దాని కొలతలు తీసుకుంటాడు, రెండూ మనిషి చేసే పనులే.

తొట్లకొండ నడక | ఆదివారం, రాత్రి 8:15

40 ఏళ్ళు తత్వశాస్త్రం పాఠాలు చెప్పిన వాణ్ణి, కొంచెం పొడుగు రాస్తాను, ఓపిక పట్టండి.

ఈ తగువు మనకి కొత్త కాదు. సుమారు వెయ్యేళ్ళ కిందట ఉదయనుడనే నైయాయికుడు (తర్కశాస్త్ర పండితుడు), కుండ ఉంటే కుమ్మరి ఉన్నట్టే, లోకం ఉంటే కర్త ఉన్నట్టే అని పెద్ద వాదం కట్టాడు. ఈ రకం వాదానికి బౌద్ధులూ మీమాంసకులూ వేసిన ప్రశ్న ఇప్పటికీ పదునుగానే ఉంది. కుమ్మరి కుండ చెయ్యడం మనం చూశాం కాబట్టి కుండని చూసి కుమ్మరిని ఊహిస్తాం, లోకాన్ని ఎవరైనా చేస్తుంటే ఎవరు చూశారు? మీమాంసకులంటే వేదాన్ని తలమీద పెట్టుకునేవాళ్ళు, వాళ్ళకి సృష్టికర్త అక్కర్లేదు. సాంఖ్యం అనే ఇంకో దర్శనం కూడా ఈశ్వరుడి ఊసు లేకుండానే నడిచింది. ఋగ్వేదం 10వ మండలంలో నాసదీయ సూక్తం ఉంది, సృష్టి ఎక్కణ్ణుంచి వచ్చిందో పై నుంచి చూసేవాడికి తెలుసేమో, లేక ఆయనకీ తెలియదేమో అని ముగుస్తుంది. అంత పాతకాలంలోనే ఆ సందేహాన్ని దాచలేదు.

మరి గుండె సంగతి? ఆకలి ఉందంటే అన్నం అనేది ఎక్కడో ఉన్నట్టే, అలాగే ఈ ఆరాటం ఉందంటే దాన్ని తీర్చేదీ ఉన్నట్టే అని భక్తులంటారు. దాహంతో ఉన్నవాడికే ఎండమావి కనిపిస్తుందని అవతలివాళ్ళంటారు. నా మట్టుకు నాకు రెండో మాటే బలంగా అనిపించేది. తర్వాత ఒకరోజు తోచింది, నీళ్ళనేవి ఎక్కడా లేని లోకంలో ఎండమావి ఎవర్నీ మోసం చెయ్యలేదు కదా అని. దీంతో తేలిపోయిందని అనను. నా విద్యార్థులే దీన్ని సగం గంటలో విరగ్గొట్టారు. దాహం నీటి వల్ల బతికే ఒంటిది, దేవుడి వల్ల బతుకుతున్నామని ముందే ఒప్పుకుంటే తప్ప ఈ పోలిక నిలవదు అన్నారు.

నేను రోజూ సాయంత్రం తొట్లకొండ ఎక్కుతాను. 2 వేల ఏళ్ళ కిందట అక్కడ భిక్షువులు ఉండేవాళ్ళు, రాతిలో తొలిచిన నీటితొట్లు ఇప్పటికీ ఉన్నాయి. వాళ్ళు నమ్మిన గురువు బుద్ధుడు, లోకం శాశ్వతమా కాదా అని అడిగితే బాణం తగిలినవాడి కథ చెప్పాడు, ముందు బాణం తియ్యాలి, ఎవరు వేశారో తర్వాత అని. అయినా వాళ్ళు విహారం కట్టుకోడానికి ఎంచుకున్న చోటు చూడండి, కొండ మీద, ఎదురుగా సముద్రం. నీళ్ళూ భిక్షా దొరికే చోటు ఇంకెక్కడైనా ఉండేది. ఆ చోటుని వాళ్ళ కళ్ళు కూడా కోరుకున్నాయని నా నమ్మకం.

రాత్రి డ్యూటీ | ఆదివారం, రాత్రి 11:50

నేను నర్సుని. పదిహేనేళ్ళు ఐసీయూలోనే చేశాను. నేను ప్రభువుని నమ్ముతాను, ముందే చెప్తున్నా.

కానీ అన్నయ్యా, మీ నాన్నగారి గురించి చదివాక ఇది రాయాలనిపించింది. మొక్కితే బతికారు, మొక్కకపోతే పోయారు అనేది నేను నా కళ్ళతో చూసినదాన్ని బట్టి నిజం కాదు. చాలా మొక్కినవాళ్ళు పోయారు, ఎవరూ లేనివాళ్ళు లేచి నడుచుకుంటూ వెళ్ళారు. మీ మొక్కులో ఏదో లోపం ఉందని మాత్రం దయచేసి అనుకోవద్దు.

చివర్లో మనుషులు ఎక్కువగా పిలిచేది దేవుణ్ణి కాదు, అమ్మని. 80 ఏళ్ళ ముసలాయన కూడా అమ్మా అంటాడు. కోవిడ్ రోజుల్లో ఒక పెద్దాయన, రిటైర్డ్ టీచరు, నాకు దేవుడూ గీవుడూ ఎవరూ లేరమ్మా అని మొదటి రోజే చెప్పారు. చివరి రాత్రి రెండు గ్లవ్సులు వేసుకున్న నా చెయ్యి పట్టుకుని తెల్లారేదాకా వదల్లేదు. మధ్యలో ఒకసారి కళ్ళు తెరిచి, చల్లగా ఉన్నాయమ్మా నీ చేతులు అన్నారు. నేను లోపల ప్రార్థన చేస్తూనే ఉన్నాను, ఆయనకి చెప్పలేదు. ఆయనకి కావలసింది చెయ్యే, అది ఇచ్చాను. నాకు ప్రభువు కనిపించింది మాత్రం ఆ చేతిలోనే. ప్రశ్న గారు దీన్ని ఒప్పుకోకపోయినా నాకు బాధ లేదు.

పేరు వద్దు | సోమవారం, తెల్లవారుజామున 3:10

అందంగా ఉంది కాబట్టి దేవుడున్నాడు అని ఇక్కడ ఎవరు రాసినా నాకు తట్టుకోవడం కష్టంగా ఉంది. నా బిడ్డ 11 రోజులు బతికింది. కిటికీలోంచి సూర్యోదయం బ్రహ్మాండంగా ఉంది ఆ రోజు కూడా.

నేను దేవుణ్ణి నమ్మను. కానీ రోజూ ఆయన్ని తిడతాను. లేనివాడి మీద ఇంత కోపం ఎలా వస్తుందో నాకు తెలియడం లేదు, మేష్టారూ, దీనికి మీ దగ్గరేమైనా ఉంటే చెప్పండి.

జీవశాస్త్రం మేష్టారు, మధురవాడ | సోమవారం, ఉదయం 6:25

అమ్మా, లేదు. పుస్తకంలో ఉన్నది చెప్పగలను, బాధకి కారణం ఉండాలని మెదడు వెతుకుతుంది, ఎవరూ దొరక్కపోతే ఎవర్నో నిలబెడుతుంది అని. కానీ ఆ మాట ఇప్పుడు మీకు చెప్పడం నాకే ఇష్టం లేదు. మీ కోపం బిడ్డ మీది ప్రేమే, అది ఎక్కడికి పోవాలో తెలియక తిరుగుతోంది. తిట్టండి. ఎవరూ మిమ్మల్ని ఆపకూడదు.

సీతమ్మధార లక్ష్మి | సోమవారం, ఉదయం 7:40

తల్లీ, మేష్టారి మాటే నా మాట. భక్తులు కూడా స్వామిని తిట్టిన దేశం ఇది, రామదాసు చెరసాలలో కూర్చుని నిలదీసి అడిగాడు. గజేంద్రుడంతటివాడు మొసలి నోట్లో ఉండి, అసలు ఉన్నాడా లేడా అనుకున్నాడు. ఫోన్‌లో మాట్లాడాలనిపిస్తే నాకు విడిగా మెసేజ్ పెట్టు, రాత్రైనా సరే.

ప్రశ్న | సోమవారం, ఉదయం 8:15

పేరు వద్దు గారికి, మీ పోస్టు చదివాక నిన్న రాసినవి మళ్ళీ చూసుకున్నాను. నా అభిప్రాయం మారలేదు. కానీ లక్ష్మి గారితో గొంతు పెంచి మాట్లాడాను, అది తప్పు, క్షమించండమ్మా. నర్సు అక్క చెప్పిన చెయ్యి మాట దగ్గర ఇద్దరం ఒకే చోట నిలబడ్డాం అనిపించింది, ఆ చెయ్యి దాటి ఇంకో చెయ్యి ఉందా లేదా అన్నదే తేడా.

భీమిలి దారి | సోమవారం, రాత్రి 9:30

అన్నీ రెండుసార్లు చదివాను. మా ఆవిడకి కూడా చదివి వినిపించాను.

సాయంత్రం పాపని తీసుకుని మళ్ళీ అక్కడికి వెళ్ళాం. ప్రశ్న గారి మాట పట్టుకుని ఆ కాపలా పెద్దాయనకి థాంక్స్ చెప్దామని. 11 ఏళ్ళుగా ఈ పని చేస్తున్నాడట, తాబేలు గుడ్లు పెట్టే కాలమంతా రాత్రుళ్ళు ఒడ్డు వెంట నడుస్తాడు, జాడ చూసి గుంట పట్టేస్తాడు. థాంక్స్ అంటే సిగ్గుపడ్డాడు. మీరు పిల్లల్ని వదిలేటప్పుడు ఏమనుకుంటారు అని పాప అడిగింది. "ఏటీ అనుకోను తల్లీ, లెక్కెట్టుకుంటాను" అన్నాడు. తర్వాత కాసేపాగి, మొదటిది నీళ్ళు తాకినప్పుడు మాత్రం చెప్పులు విప్పుతానన్నాడు. ఎందుకు తాతా అంటే, ఏమో అలవాటు అన్నాడు.

నా ప్రశ్నకి జవాబు దొరికిందని చెప్పను. పాపకి మాత్రం, తెలియదమ్మా, కానీ పెట్టాలనిపించింది, మళ్ళీ అనిపిస్తే మళ్ళీ పెడతాను అని చెప్పాను. అది నిజం. సింహాచలం వెళ్తానా లేదా అన్నది ఇంకా తేల్చుకోలేదు లక్ష్మక్కా.

గురువారం ఇంకో గుంట పైకొస్తుందట. పొద్దున్న 5 గంటలకి. ఎవరైనా రావాలనుకుంటే రండి. పేరు వద్దు గారూ, మీరు కూడా, మాట్లాడక్కర్లేదు, ఊరికే వచ్చి నిలబడినా చాలు.

పెదజాలరిపేట కుర్రోడు | సోమవారం, రాత్రి 9:52

నేను వస్తున్నాను అన్నా. అందరూ ఒకటి గుర్తుపెట్టుకోండి, ఫోన్ టార్చ్ వెయ్యొద్దు, ఫొటోకి ఫ్లాష్ వద్దు, పిల్లలు వెలుగు వైపు తిరిగి రోడ్డు మీదకొచ్చేస్తాయి. చీకట్లోనే నిలబడదాం.

పేరు వద్దు | మంగళవారం, తెల్లవారుజామున 2:40

5 గంటలకా. సరే.